తీరవీధిలో ఉమ్మడి బతుకు

సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మహానగరంలో సముద్రపు ఒడ్డున ఉండే ప్రశాంతమైన నివాసప్రాంతాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ, చెన్నైలో బీసెంట్ నగర్, రియో డి జనీరోలో లెబ్లోన్, హేగ్ నగరంలో కైక్‌డౌన్ అలాంటివే. నగరం నడిబొడ్డు నుంచి అక్కడికి చేరేసరికి హారన్ల మోత తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, వీధి చివర మరో ఇల్లు ఉండవలసిన చోట ఆకాశం కనిపిస్తుంది. అక్కడ ఇల్లు కొనుక్కున్నవారు సముద్రం కనిపించే కిటికీని కొనుక్కున్నామని సంతోషిస్తారు. ఆ సంతోషం న్యాయమైనదే. అయితే భవనాల మరమ్మతు పనిలో చాలాకాలం గడిపినవాణ్ణి కనుక, ఆ కిటికీతో పాటు వాళ్లకు తెలియకుండానే మరొకటి కూడా చేతికి వస్తుందని నేను చెప్పగలను. అది ఉమ్మడి ఆస్తిలో వాటా.

నగరంలో మరే పేటలోనైనా ఇంటి యజమాని తన ప్రహరీ లోపల చాలావరకు స్వతంత్రుడు. తీరవీధిలో ఆ స్వాతంత్ర్యం తక్కువ. అక్కడ వీచే గాలి, నేలలోని మంచినీరు, ఒడ్డున ఉన్న ఇసుక, రాత్రి చీకటి, పగటి నిశ్శబ్దం ఏవీ సరిహద్దు రాళ్లు పాతి పంచుకునేవి కావు. ఒకరు తన మేలు కోసం చేసుకున్న పని పక్కవీధివారికి, ఒక్కోసారి మైళ్ల దూరంలో ఉన్నవారికి తగులుతుంది. ఈ సంగతి తెలిసి బతికే కాలనీకి, తెలియక బతికే కాలనీకి ఇరవై ఏళ్లలో కనిపించే తేడా గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

ముందుగా గాలి. పొద్దెక్కేకొద్దీ నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి పట్టే వేడి, ఒక కిలో పొడి ఇసుకకు పట్టేదానికి సుమారు 5 రెట్లు. పైగా అలలు నీటిని ఎప్పటికప్పుడు కలియబెడుతుంటాయి కనుక, అందిన వేడి లోతుకు పంచుకుపోతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేవగానే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. సాధారణంగా ఇది పదకొండు, పన్నెండు గంటలకు మొదలై మధ్యాహ్నం బలపడి, పొద్దుగూకాక సన్నగిల్లుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక దిశ మారి, నేల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. తెరచాపల కాలంలో పడవలు వేకువజామున ఈ గాలితో లోపలికి వెళ్లి, మధ్యాహ్నపు గాలితో ఒడ్డుకు తిరిగివచ్చేవి. చెన్నైలో మే, జూన్ నెలల్లో పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యంగా లోపలికి వస్తుంది. ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు చాలావరకు అవే.

ఈ గాలి తీరవీధితో ఆగిపోదు, అడ్డు లేకపోతే నగరంలోకి కిలోమీటర్ల కొద్దీ నడుస్తుంది. మొదటి వరసలో భవనాలు ఒకదానికొకటి ఆనుకుని గోడలా లేస్తే వెనుక వీధులకు అందవలసిన చల్లదనం అక్కడే నిలిచిపోతుంది. టోక్యోలో షియోదోమె ప్రాంతంలో ఎత్తైన భవనాలు వరసగా లేచాక, సముద్రపు గాలికి అవి అడ్డుగోడ అయ్యాయన్న విమర్శ బలంగా వినిపించింది. హాంకాంగ్‌లో 2003 నాటి సార్స్ అంటువ్యాధి విపత్తు తరువాత గాలి ప్రసారం మీద చర్చ జరిగి, పెద్ద నిర్మాణాలు గాలి దారిని ఎంత అడ్డగిస్తాయో ముందే అంచనా వేసే పద్ధతిని 2006లో ప్రవేశపెట్టారు. మొదటి వరసలో ఉన్నవాడు నా స్థలం, నా ఎత్తు అనవచ్చు. వెనుక వీధిలో ఒక ముసలాయన సాయంత్రం అరుగు మీద కూర్చోగలగడం, కూర్చోలేకపోవడం ఆ ఎత్తు మీద, రెండు భవనాల మధ్య వదిలిన సందు మీద ఆధారపడి ఉంటుంది.

ఆ గాలే ఉప్పును మోసుకొస్తుంది. నా వృత్తి ఇదే కనుక దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అల విరిగినప్పుడు లోపల చిక్కుకున్న గాలిబుడగలు పైకి వచ్చి పగులుతాయి, అప్పుడు ఎగిసే సన్నని తుంపరలు గాలిలో తేలుతూ ఒడ్డుకు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మొదటి కొన్ని వందల మీటర్లలోనే రాలిపోతుంది. అంటే మొదటి వరస ఇళ్లు తమ గోడలతో రెండో వరసను కాపాడుతున్నాయన్నమాట. రాలిన ఉప్పు ఊరికే ఉండదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. వాన పడకపోయినా గోడ చెమ్మగా ఉండడానికి కారణం అదే. అందుకే కొత్తగా వచ్చిన కుటుంబం మొదట గమనించేది కిటికీ గొళ్లెం బిగుసుకుపోవడం, బందులు కిర్రుమనడం, ఫ్రిజ్ వెనుక రేకు మీద ఎర్రటి చుక్కలు పడడం, అద్దాల మీద ఎన్నిసార్లు తుడిచినా జిగురు పొర మళ్లీ రావడం. ఇవన్నీ చిన్నవి. ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు, రంగు పూసిన అల్యూమినియం వాడుకుంటే, మంచినీళ్లతో తరచుగా కడుక్కుంటే సర్దుకుపోతాయి.

పెద్దది కాంక్రీటు లోపల జరుగుతుంది. కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. ఆ గుణం వల్ల లోపలి ఇనుప చువ్వ మీద ఒక పలుచని రక్షణపొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. ఉప్పులోని క్లోరైడు ఏళ్ల తరబడి కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా లోపలికి పాకి, చువ్వను చేరాక ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు చీలుతుంది, పెచ్చులు ఊడుతాయి. సజ్జా కింది భాగాన్ని తలెత్తి చూస్తే చువ్వ ఉన్న వరసలోనే వెంట్రుకవాసి చీలిక, దాని అంచున గోధుమరంగు మరక కనిపిస్తాయి. సుత్తి పిడితో తట్టితే బాగున్న చోట గట్టి చప్పుడు వస్తుంది, లోపల విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. చాలామంది ఆ మరక మీద సిమెంటు పూయించి రంగు వేయిస్తారు. రెండేళ్లు తిరక్కుండానే పెచ్చు ఇంకా పెద్దదై కిందపడుతుంది. పాడైన కాంక్రీటును చువ్వ వెనుక వరకూ చెక్కి, తుప్పును పూర్తిగా గీకి, చువ్వ మందం ఎంత తరిగిందో కొలిచి, అవసరమైతే కొత్త చువ్వ చేర్చి, ఆ తరువాతే పూడ్చాలి. ఇది ఖర్చుతో కూడిన పని. ఖర్చు కనుకనే అందరూ వాయిదా వేస్తారు.

మన దేశపు కాంక్రీటు ప్రమాణం, 2000 సంవత్సరపు ఐఎస్ 456, తీరప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీటుకు చువ్వ మీద కనీసం 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కప్పు, ఎం30 అనే బలశ్రేణి మిశ్రమం ఉండాలని చెబుతుంది. సముద్రపు తుంపర నేరుగా తగిలేచోట 50 మిల్లీమీటర్లు, ఎం35 ఉండాలి. చువ్వలున్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదన్నది కూడా అందులోనే ఉంది. ఒడ్డున దొరికే ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపితే, బయటి నుంచి ముప్పై ఏళ్లకు రావలసిన శత్రువును మొదటి రోజే లోపల కూర్చోబెట్టినట్టు. ఇల్లు కట్టించుకునేవారు టైల్స్ రంగుల గురించి గంటలు వెచ్చిస్తారు. చువ్వలు కట్టిన రోజు కాంక్రీటు పోయకముందు టేపు పట్టుకుని వెళ్లి ఆ 45 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో కొలిచేవారు అరుదు. ఆ ఒక్క ఉదయం అక్కడ నిలబడమని నేను ప్రతి ఒక్కరినీ వేడుకుంటాను.

అపార్ట్‌మెంటుల్లో ఇది పూర్తిగా ఉమ్మడి వ్యవహారం. అమెరికాలోని ఫ్లోరిడాలో మయామీ బీచ్ నగరాన్ని ఆనుకుని సర్ఫ్‌సైడ్ అనే ప్రశాంతమైన తీరపట్టణం ఉంది. అక్కడ 1981లో కట్టిన 12 అంతస్తుల నివాస భవనంలో ఒక భాగం 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక కుప్పకూలి 98 మంది చనిపోయారు. దానికి ఉప్పు ఒక్కటే కారణమని నేను అనను. డిజైను, నిర్మాణం, నీరు నిలవడం అన్నీ దర్యాప్తులోకి వచ్చాయి. కాని 2018లోనే ఒక ఇంజనీరు ఆ భవనపు ఈతకొలను ప్రాంగణం కింద కాంక్రీటు బాగా దెబ్బతిన్నదని నివేదిక ఇచ్చాడు. మరమ్మతుకు ఎవరెంత ఇవ్వాలన్న దాని మీద ఫ్లాట్ల యజమానుల మధ్య చర్చలు సాగుతూనే ఉన్నాయి. ఆ తరువాత 2022లో ఫ్లోరిడా చేసిన చట్టం మూడంతస్తులు, అంతకు మించిన నివాస భవనాలను 30 ఏళ్లకు తప్పనిసరిగా తనిఖీ చేయించాలని చెబుతూ, తీరానికి 3 మైళ్ల లోపల ఉన్నవాటికి ఆ గడువును తొలుత 25 ఏళ్లుగా పెట్టింది. సముద్రం పక్కన భవనం వయసు అయిదేళ్లు ముందే లెక్కకు వస్తుందని చట్టమే ఒప్పుకున్నదన్నమాట. నేలఅంతస్తు వాళ్లు లిఫ్టుకు, పై అంతస్తు వాళ్లు సెల్లారుకు డబ్బు ఇవ్వం అని వాదించుకునే సంఘాలను నేను చాలా చూశాను. సెల్లారులో స్తంభం పాడైతే ఆ బరువు ఏ అంతస్తుదో ఎవరు విడదీయగలరు?

ఇక నేల కింది నీరు. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు కాస్త బరువు, మంచినీరు 1 అయితే సముద్రపు నీరు 1.025. ఆ చిన్న తేడా వల్ల సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. దీన్ని బాడన్ గైబెన్ 1888లో, హెర్జ్‌బర్గ్ 1901లో వేర్వేరుగా వివరించారు. దీని రెండో వైపు భయంకరమైనది. మనం బోర్లతో తోడి ఆ ఒక్క మీటరు తగ్గించుకుంటే, నేల కింద ఉప్పునీరు కాలక్రమేణా 40 మీటర్లు పైకి వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. ఒకరి బోరు బలంగా లాగితే ఉప్పు పక్కింటి బోరులోకి కూడా వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన ఇసుకపొర మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది.

మంచి విషయమేమిటంటే తీరపు ఇసుక వాననీటిని చాలా వేగంగా ఇంకించుకుంటుంది. తమిళనాడు 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేశాక చెన్నై తీరప్రాంతాల బావుల్లో నీటిమట్టం పెరగడం, నీటి రుచి మెరుగుపడడం జనం కళ్లారా చూశారు. ఇంకుడు గుంతలో విచిత్రం ఏమిటంటే, తవ్విన ఖర్చు ఒకరిది, దిగిన నీరు అందరిది. కనుక వీధిలో పది ఇళ్లకు పది ఇళ్లూ తవ్వితేనే అది నిలుస్తుంది. వాకిలంతా సిమెంటు చేసి వాననీటిని రోడ్డు కాలువలోకి తోసేసే ఇల్లు, పక్కవాడి బావిలో నుంచి అప్పు తీసుకుంటున్న ఇల్లు. జకార్తా ఉత్తర తీరంలో భూగర్భజలాలను మితిమీరి తోడడం నేల కుంగడానికి ముఖ్యకారణమైంది. కొన్ని పేటల్లో ఇప్పుడు వీధి సముద్రమట్టానికి దిగువన ఉంది. కట్టిన గోడకు అవతల సముద్రం, ఇవతల ఇళ్లు.

గోడ మాట వచ్చింది కనుక ఇసుక గురించి చెప్పాలి. మనం బీచ్ అని పిలుచుకునేది ఒకచోట స్థిరంగా ఉండే స్థలం అనుకుంటాం. నిజానికి అది ఒడ్డు వెంబడి నడిచే ఇసుక ప్రవాహంలో మనకు కనిపించే ఒక మజిలీ. అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి, ఇసుకను కొంత పైకి తోసి, తిరిగి నిటారుగా కిందికి లాగుతాయి. ఆ పైకీ కిందికీ జరిగే కదలికలో ప్రతి రేణువూ కాస్త పక్కకు జరుగుతుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర మద్రాసులో ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి కట్టలు కట్టారు. వాటికి దక్షిణాన ఇసుక ఆగి మెరీనా విశాలమైన తీరంగా పెరిగింది. ఉత్తరాన రాయపురం వైపు రావలసిన ఇసుక రాక తీరం కోసుకుపోయి, ఒక తరం తరువాత మరొక తరం మత్స్యకారుల ఇళ్లు పోయాయి. మెరీనాలో సాయంత్రం నడిచేవారి కాళ్ల కింద ఉన్న ఇసుకలో కొంత రాయపురానికి చేరవలసినది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, తీరంలో నాది, నీది అనే మాటకు ఎంత తక్కువ అర్థం ఉందో చెప్పడానికి. విశాఖపట్నంలో కూడా బయటి ఓడరేవు కట్టాక రామకృష్ణ బీచ్‌కు ఇసుక తగ్గింది. ఓడరేవు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి అక్కడ పోస్తుంటారు.

ఒడ్డు కోసుకుపోతుంటే తీరవీధిలో ఉన్నవారి మొదటి ఆలోచన గోడ. ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. పునాది కింద ఇసుక జారిపోతుంటే ఎవరికైనా నిద్ర పట్టదు. కాని నిటారు గోడకు తగిలిన అల తన బలాన్ని అక్కడే వదిలిపెట్టదు. వెనక్కి తిరిగి గోడ అడుగున ఇసుకను తవ్వుకుపోతుంది. కొంతకాలానికి గోడ మిగులుతుంది, బీచ్ మిగలదు. గోడ ముగిసిన చోట, దాని పక్కన గోడ లేని ఇంటివాడి నేల మరింత వేగంగా కోతకు గురవుతుంది. అతడు కూడా గోడ కడతాడు. అలా ఆ కోత ఇంటి నుంచి ఇంటికి పాకుతుంది. నెదర్లాండ్స్ వారు, వందల ఏళ్లుగా గట్లు కట్టడంలో ఆరితేరినవారు, 2011లో హేగ్ దగ్గర కైక్‌డౌన్‌కు దక్షిణాన 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను ఒక్కచోట కుప్పపోసి వదిలేశారు. గాలి, అలలు, ప్రవాహాలు తమంతట తామే దాన్ని ఒడ్డు వెంబడి పంచుతాయన్నది వారి అంచనా. అది చాలావరకు అలాగే జరుగుతోంది. అంత ఇసుక మోసే స్తోమత అన్ని నగరాలకూ ఉండదు, నాకు తెలుసు. కాని అందులోని ఆలోచన పేదవారికి కూడా పనికివస్తుంది. ఇసుకదిబ్బలను చదును చేయకుండా ఉంచడం, వాటి మీద పాకే తీగలను పీకకుండా ఉండడం, మొదటి వరసను కొంచెం వెనక్కి జరపడం, ఇవి ఎవరూ ఖర్చు పెట్టకుండా చేయగలిగిన రక్షణలు. మన తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నిబంధనలు 1991లో తొలిసారి వచ్చి, 2011లో, 2019లో మారాయి. నగరాల్లో ఇప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రం వైపున కొత్త కట్టడాలు రాకూడదన్న నియమం వాటిలో ఉంది. అది ఇంటి యజమాని మీద కక్షతో పెట్టింది అనుకునేవారు ఒక తుపాను సీజను ఆ రోడ్డు మీద నిలబడి చూడాలి.

తుపానుల సంగతి తెలుగువారికి నేను కొత్తగా చెప్పవలసిన పని లేదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పది వేలమందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీదికి వచ్చినప్పుడు, సముద్రం కనిపించాలని పెట్టుకున్న వెడల్పాటి అద్దాలు ఎంత త్వరగా పగులుతాయో నగరం చూసింది. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత, హైదరాబాదులో ఉన్న జాతీయ సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రాన్ని నడుపుతోంది. ఎత్తైన అలలు, దూరం నుంచి వచ్చే ఉబ్బు అలల గురించి కూడా అది హెచ్చరికలు ఇస్తుంది. హెచ్చరిక ఫోనుకు రావడం ఒక ఎత్తు, ఆ ఫోను లేని కాపలాదారుకు, ఒంటరిగా ఉన్న వృద్ధురాలికి ఎవరు వెళ్లి చెబుతారన్నది మరో ఎత్తు. ఆ పేర్లు ముందే రాసి పెట్టుకున్న వీధి సంఘం నా దృష్టిలో మంచి సంఘం.

ఇప్పుడు చీకటి గురించి. దీన్ని ఉమ్మడి ఆస్తిగా ఎవరూ లెక్కించరు. మన తూర్పు తీరానికి ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సుమారు 40 కిలోల తల్లి తాబేలు రాత్రిపూట పొడి ఇసుక వరకు పాక్కుంటూ వచ్చి, వెనుక కాళ్లతో కూజా ఆకారంలో గుంత తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన శరీరంతో అదిమి, వెనక్కి వెళ్లిపోతుంది. దాదాపు ఏడు వారాల తరువాత నాలుగు సెంటీమీటర్ల పిల్లలు ఒక రాత్రి అన్నీ కలిసి ఇసుకను చీల్చుకుని పైకి వస్తాయి. వాటికి దారి చూపేవారు ఎవరూ లేరు. దిగంతం ఎటు వెలుతురుగా ఉంటే అటు నడవాలన్నదే వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. లక్షల ఏళ్లుగా ఆ వెలుతురు నక్షత్రాల కాంతిని వెనక్కి పంపే సముద్రానిదే. ఇప్పుడు అది వీధిదీపానిది, మిద్దె మీద వెలిగే ఫ్లడ్‌లైటుది. పిల్లలు అటు నడిచి రోడ్డు మీదికి వస్తాయి, కుక్కల నోట పడతాయి, తెల్లవారాక ఎండకు చనిపోతాయి. చెన్నైలో స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ వారు 1988 నుంచి ఈ నెలల్లో రాత్రంతా నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ వరకు ఇసుకలో నడుస్తూ గుడ్లను సేకరించి, సంరక్షణ కేంద్రంలో పొదిగించి, పిల్లలను నీటి దగ్గర వదులుతున్నారు. ఇన్నేళ్లుగా ఒక తరం విద్యార్థులు వెళ్లిపోతే మరో తరం వచ్చి చేస్తున్న పని ఇది. వారికి మనం చేయగల సాయం చాలా చిన్నది. ఆ మూడు, నాలుగు నెలలు సముద్రం వైపు దీపాలను రాత్రి ఆర్పడం, ఆర్పలేనివాటికి కిందికి మాత్రమే వెలుతురు పడేలా తొడుగు వేయడం. నేరాలు పెరుగుతాయన్న భయం ఉన్నచోట వీధి వైపు దీపాలు ఉంచుకోండి, ఇసుక వైపు దీపాలు ఆర్పండి.

చివరగా నిశ్శబ్దం, మనుషులు. తీరవీధి ప్రశాంతంగా ఎందుకుంటుంది? అలల చప్పుడు మిగతా చప్పుళ్లను కప్పేయడం కొంత కారణం. అంతకంటే పెద్ద కారణం ఏమిటంటే, ఆ కాలనీకి ఒక వైపు ఊరు లేదు. మామూలు పేట గుండా నాలుగు దిక్కుల వాహనాలు పోతాయి. తీరవీధి గుండా ఎక్కడికీ పోలేం, వచ్చినవాడు అక్కడికే వచ్చినవాడు. నగరాలు ఒడ్డు వెంబడి వేగదారి వేసిన రోజున ఆ ప్రశాంతత పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఒడ్డున ఎంబార్కడెరో మీదుగా కట్టిన ఎత్తైన రహదారి 1989 భూకంపంలో దెబ్బతింది. దాన్ని తిరిగి కట్టడం మాని కూల్చివేశారు, నగరానికి మళ్లీ తన నీటి ఒడ్డు దక్కింది. రియోలో ఆదివారాలు, సెలవురోజుల్లో సముద్రం వైపు రోడ్డును వాహనాలకు మూసి నడిచేవారికి వదిలిపెడతారు.

కాని ప్రశాంతత పేరుతో మనుషులకే తలుపు మూసే ధోరణి కూడా పెరుగుతోంది, నన్ను బాధపెట్టేది ఇదే. చాలా తీరకాలనీల పక్కన, కాలనీ రాకముందు నుంచీ ఒక మత్స్యకార పల్లె ఉంటుంది. బీసెంట్ నగర్ పక్కన ఊరూరు ఆల్కాట్ కుప్పం, విశాఖలో పెదజాలరిపేట అలాంటివి. వారికి ఒడ్డు విహారస్థలం కాదు, పడవ లాగే చోటు, వల ఆరబెట్టి చిరుగులు కుట్టుకునే చోటు, పట్టిన చేప అమ్మే చోటు. గాలి మారిందని, నీటి రంగు మారిందని, ఈ రోజు పిల్లలను దింపవద్దని చెప్పగలిగేవారు వారే. ఆ పల్లె వాసనను, ఆ వలలను తొలగించి తీరాన్ని అందంగా చేయమని కోరే అర్జీ మీద సంతకం పెట్టేముందు ఎవరు ముందు వచ్చారో ఆలోచించాలి.

క్రీ.శ. 533 నాటి రోమన్ చక్రవర్తి జస్టీనియన్ న్యాయసంహిత గాలి, పారే నీరు, సముద్రం, దాని తీరం ప్రకృతి న్యాయం చేత అందరికీ చెందినవని చెప్పింది. బ్రెజిల్ 1988 చట్టం బీచ్‌లు ప్రజలందరి వాడుకకు చెందిన ఆస్తి అని, సముద్రాన్ని చేరే స్వేచ్ఛ ఎల్లప్పుడూ ఉండాలని చెబుతుంది. కాలిఫోర్నియా 1976 తీర చట్టం కూడా తీరానికి ప్రజలు వెళ్లే దారిని కాపాడమంటుంది. అయినా ప్రపంచంలో చాలాచోట్ల ఇది కాగితం మీదే ఉంటుంది. రెండు ఇళ్ల మధ్య ఇసుకకు దిగే ఆరడుగుల సందుకు ఒక రోజు గేటు వస్తుంది, కొన్నాళ్లకు దానికి తాళం పడుతుంది, ఆ తరువాత కుండీలు పెడతారు, పదేళ్లకు అది ఎప్పుడైనా దారేనా అని అడిగేవారు కూడా ఉండరు.

సాయంత్రం నగరం నుంచి వచ్చేవారి మీద తీరవాసుల ఫిర్యాదులు నాకు తెలుసు. గేటు ముందు బండి పెడతారు, చెత్త వదులుతారు, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు పెడతారు. ఇవి నిజమైన ఇబ్బందులే, వాటికి పరిష్కారాలూ ఉన్నాయి. వాహనాలు రెండు వీధుల వెనుకే ఆగేలా స్థలం చూపించడం, ఇసుక దగ్గర శుభ్రమైన మరుగుదొడ్లు, చెత్తబుట్టలు, తాగునీరు ఉంచడం, రాత్రి పది తరువాత లౌడ్‌స్పీకర్లను ఆపించడం నగరపాలక సంస్థ చేయవలసిన పనులు, తీరవాసులు వాటి కోసం గట్టిగా అడగాలి. ఒకటిన్నర గదుల ఇంట్లో వారమంతా ఉక్కలో గడిపి, ఇద్దరు పిల్లలను రెండు బస్సులు మార్పించి తీసుకొచ్చిన తల్లి నీళ్లలో పాదాలు పెట్టే అరగంటను మాత్రం ఆ జాబితాలో చేర్చవద్దు. ఆమెకు ఆ ఒడ్డు మీద ఉన్న హక్కు, దాని ఎదురుగా ఇల్లున్నవారి హక్కు కంటే చట్టంలోనూ తక్కువ కాదు, న్యాయంలోనూ తక్కువ కాదు.

కనుక ఈ సభలో తీరకాలనీల సంఘాల ప్రతినిధులు ఎవరైనా ఉంటే వారికి నా విన్నపం ఇది. వచ్చే సర్వసభ్య సమావేశంలో మీ వీధి పాత లేఅవుట్ పటం బయటికి తీయండి. ఇసుకకు దిగే దారులు అందులో ఎన్ని ఉన్నాయో, నేల మీద ఇప్పుడు ఎన్ని ఉన్నాయో పోల్చి చూడండి. తాళం వేసిన సందు ఉంటే ఆ తాళం తీయించే తీర్మానం ఆ రోజే రాయించండి. సెల్లారు స్తంభాల తనిఖీ, ఇంకుడు గుంతల పూడిక తీయడం కూడా అదే సమావేశపు అజెండాలో పెట్టవచ్చు. మరమ్మతులకు సంబంధించి ఎవరికైనా సందేహాలుంటే ఇప్పుడు అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను. నమస్కారం.